వరలక్ష్మి గారి పుస్తకాన్ని నేను బాగుచేసిన వైనం

ఒక మంచి మనిషి పేరును ఒకే చలికాలంలో రెండుసార్లు పాడుచేసిన ఘనత నాది. మొదటిసారి ఆ పేరును చెత్తలో పారేశాను. రెండోసారి అచ్చు వేయించాను. రెండింట్లో ఏది పెద్ద తప్పో ఇప్పటికీ తేల్చుకోలేదు గానీ, రెండోదాని వల్ల పటేల్‌గూడలో మూడు గల్లీల జనానికి నోరు మండింది. అదీ పెరుగన్నం తిని. పెరుగన్నం తింటే నోరెందుకు మండుతుందని అడుగుతారేమో, అక్కడికే వస్తున్నాను. మొహమాటం లేకుండా నవ్వండి. కాకపోతే నవ్వాల్సింది నా మీద, ఆవిడ మీద కాదు.

తొంభైల మొదటి రోజులవి. మాది కొండాపూర్ మండలంలో ఒక పల్లె. నాకు ఇరవై మూడేళ్లు. పాశమైలారంలో ఒక రసాయనాల ఫ్యాక్టరీలో హెల్పర్‌గా చేరి, పటేల్‌గూడలో ఒక డాబా మీద గది కిరాయికి తీసుకున్నాను. గదిలో ఒక మంచం, ఒక కిరోసిన్ స్టవ్, ఒక పగిలిన అద్దం ఉండేవి. మిగతా చోటంతా పాత పుస్తకాలదే.

నా పిచ్చి అది. అట్ట మీద పిస్తోలు పట్టుకున్న మనిషీ, వెనకాల కెవ్వుమంటున్న అమ్మాయీ ఉన్న డిటెక్టివ్ పాకెట్ పుస్తకాలు, రంగు వెలిసిన బొమ్మల కథలు, నేను పుట్టకముందు వచ్చిన వారపత్రికలు, ఏది కనిపించినా వదిలేవాణ్ణి కాదు. ఆదివారం వస్తే పటాన్‌చెరు మార్కెట్ వెనక ఖాజా భాయ్ పాత పేపర్ల దుకాణంలో బోర్లా పడుకుని గుట్టల కింద వెతికేవాణ్ణి. తెచ్చినవాటిని ఎండలో ఆరబెట్టి, దులిపి, వేపాకు వేసి, పాలిథీన్ కవర్లలో పెట్టేవాణ్ణి. పురిటిబిడ్డకు కూడా అంత సేవ ఎవరూ చేసి ఉండరు. మంచం కిందా, మంచం మీదా నిండిపోయాక, నేను వాటి పక్కన మడతపెట్టిన గొడుగులా ముడుచుకుని పడుకునేవాణ్ణి. ఇక ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో నా కోతలు చెప్పనక్కర్లేదు. పాత పుస్తకాలకు నేను డాక్టర్ లాంటివాణ్ణట. ఎంత చచ్చిన పుస్తకాన్నయినా బతికిస్తానట. ఈ మాటలు ఎవరన్నారంటారా? నేనే.

ఒక ఆదివారం కట్ట భుజాన వేసుకుని మెట్లెక్కుతుంటే, కింద వరండాలో బియ్యం ఏరుతున్న ఇంటి ఓనరమ్మ పిలిచారు. ఆవిడే వరలక్ష్మి గారు. యాభై దాటిన మనిషి. భర్త సుబ్బారావు గారు దగ్గర్లోని పెద్ద ఫ్యాక్టరీలో ఫోర్‌మన్. ఇరవై ఏళ్ల కిందట గుడివాడ వైపు నుంచి వచ్చి ఇక్కడే ఇల్లు కట్టుకున్నారు.

"ఏమయ్యా మల్లేశం, వారం వారం ఆ మూటలేంటి? శ్లాబు కూలి నెత్తిన పడుతుందేమోనని మీ సార్ భయపడుతున్నారు."

"పుస్తకాలమ్మా. పాతయి."

"పాతవా? అయితే నా దగ్గరా ఒకటుంది. చూస్తావా?"

నేను కట్టను మెట్ల మీదే పడేసి దిగొచ్చాను.

ఆవిడ బీరువాలోంచి తెచ్చింది దుకాణంలో దొరికే పుస్తకం కాదు. వారపత్రికలో ఏడాదికి పైగా వచ్చిన ఒక సీరియల్‌ను వారం వారం కత్తిరించి, దబ్బనంతో, పురికొసతో గోనెసంచి కుట్టినట్టు కుట్టి, మైదా పిండి ఉడికించిన జిగురుతో చీరల పెట్టె అట్ట అంటించారు. చేతిలోకి తీసుకుంటే అప్పడాల కట్టలా కరకరలాడింది.

"మేం వచ్చిన కొత్తలో ఇక్కడ ఇళ్లెక్కడివి నాయనా? అన్నీ పొదలే," అన్నారావిడ. "ఆయన డ్యూటీకెళ్తే మళ్లీ వచ్చేదాకా పలకరించే మనిషి లేదు. ఇక్కడివాళ్ల మాట నాకర్థమయ్యేది కాదు, నా మాట వింటే వాళ్లకి నవ్వొచ్చేది. పత్రిక వచ్చిన రోజు మాత్రం ఇంటికి చుట్టాలొచ్చినట్టుండేది."

ఈ మాటలు విని కాసేపు ఊరుకోవాలని నాకు తోచలేదు. నా కళ్లన్నీ ఆ వంకర కుట్ల మీదే ఉన్నాయి.

"అమ్మా, ఇది నాకియ్యుండ్రి. మంచిగ జేసి తెస్త."

"ఏం చేస్తావు? బాగానే ఉందిగా."

"ఏడ బాగున్నదమ్మా? కుట్లు ఊడుతున్నయ్, అట్ట గుల్లయింది. ఇంక రెండేండ్లయితే ఒక్క పేజీ గూడ దొరకదు. నన్ను నమ్ముండ్రి. గీ పనిల నాకు మస్తు అనుభవమున్నది."

ఆవిడ పుస్తకాన్ని ఒకసారి కొంగుతో తుడిచి నా చేతికిచ్చారు. "జాగ్రత్త నాయనా," అన్నారు.

ఆ సాయంత్రమే డాబా మీద చాప పరిచి ఆపరేషన్ మొదలుపెట్టాను. బ్లేడుతో పురికొస కోశాను. జిగురు గీకాను. వారాల వరుస సరిచూస్తూ పోతుంటే పదిహేడో వారం తర్వాత ఒక కాగితం అడ్డం వచ్చింది. ఒక పక్క వంటింటి చిట్కాలు, రెండో పక్క తలనొప్పి మాత్రల ప్రకటన. సీరియల్‌ది ఒక్క అక్షరం లేదు. 'పాపం, చూసుకోకుండా దీన్ని కూడా కుట్టేసింది' అని జాలిపడి, చింకి ముక్కలతో పాటు పక్కన పడేశాను. మర్నాడు నాకు పనికిరాని కాగితాలతో కలిపి ఆ కుప్పంతా ఖాజా భాయ్‌కి ఇచ్చేశాను. తర్వాత పుస్తకం పట్టుకుని సంగారెడ్డి బస్సెక్కాను. అక్కడొక బైండింగ్ మేస్త్రి ఉన్నాడు. ఆఫీసుల రిజిస్టర్లు కుట్టి కుట్టి చెయ్యి తిరిగినవాడు. ఆయనకు ప్రేమకథ ఇచ్చినా భూముల పహాణీలాగే తయారవుతుంది. ఎర్ర గుడ్డ అట్ట, తోలు మూలలు, బంగారు రంగు అక్షరాలు. అంచులన్నీ మిషన్‌తో కోసి ఇటుకలా చేసిచ్చాడు.

దాన్ని రెండు చేతులతో, పళ్లెంలో కొబ్బరికాయ తెచ్చినట్టు తెచ్చి ఇచ్చాను.

"అబ్బో, ఎంత బాగా చేయించావయ్యా!" అని ఆవిడ తడి చేతులు తుడుచుకుని తీసుకున్నారు. బంగారు అక్షరాలను వేలితో తడిమారు. ఒక్కో పేజీ తిప్పుకుంటూ వెళ్లి ఒకచోట ఆగారు. వెనక్కి తిప్పారు. మళ్లీ ముందుకు తిప్పారు.

"ఇక్కడ ఒక కాగితం ఉండాలే నాయనా."

ఇప్పుడు నా జవాబు వినండి. ఇన్నేళ్లయినా తలచుకుంటే చెవులు వేడెక్కే జవాబు.

"అది కథ కాదమ్మా," అన్నాను గర్వంగా. "వంటల చెత్త ఏందో ఉండె. మీరు సూడకుండ కుట్టిన్రు. నేను తీసి పారేసిన."

"ఓహో," అన్నారావిడ. పుస్తకం మూసి ఒళ్లో పెట్టుకున్నారు. "పోనీలే. కాఫీ తాగుతావా?"

తిట్టి ఉంటే బాగుండేది. మా అమ్మయితే చీపురు తిరగేసేది, నాకూ మనసు తేలికయ్యేది. ఆవిడ వెళ్లి చిక్కటి కాఫీ కలిపి తెచ్చారు.

"ఏమైందమ్మా? అది ముఖ్యమైన కాగితమా?"

"ముఖ్యమేముంది? అందులో చిట్కాల్లో ఒకటి నాది. చలికాలంలో పాలు తోడుకోకపోతే రెండు మిరపకాయ తొడిమలు వెయ్యమని రాశాను. మా అమ్మ చెప్పిందే. కింద నా పేరు వేశారు." ఆవిడ కాస్త నవ్వారు. "అచ్చులో నా పేరు చూసుకున్నది ఆ ఒక్కసారే. మీ సార్‌కి చూపిస్తే 'ఊఁ, బావుంది, అన్నం పెట్టు' అన్నారు. ఇంకెవరికి చూపించను? ఇక్కడ అప్పుడు నాకెవరు తెలుసు? అందుకని నాకిష్టమైన కథలోనే కుట్టేసుకున్నాను."

ఆ కాఫీ ఎలా తాగానో తెలియదు. గ్లాసు కింద పెట్టి నేరుగా పటాన్‌చెరు పరుగెత్తాను.

"ఖాజా భాయ్! మొన్న నేనిచ్చిన కట్ట ఏది?"

"అరే, పోయింది భాయ్. చిల్లర కాగితాలన్నీ పల్లీల బాలమణి తీస్కపోయింది. ఎందుకింత పరేషానైతున్నవ్? నోట్లు గిట్ల పెట్టినవా అందుల?"

"నోట్లు కాదు భాయ్. చిట్కాలు."

"చిట్కాలా?" ఖాజా భాయ్ నన్ను కింది నుంచి పైదాకా చూశాడు. "ఫ్యాక్టరీల గ్యాస్ ఏమన్న పీల్చినవా? జల్దీ ఇంటికి పోయి పండుకో."

బాలమణి బస్టాండు దగ్గర తోపుడు బండి మీద వేయించిన పల్లీలు అమ్మేది. ఆ కాగితాలన్నీ అప్పటికే పొట్లాలై శంఖాల్లా ఒకదాంట్లో ఒకటి దూరి బండి మీద నిలబడి ఉన్నాయి.

"అమ్మా, జెర గా కాగితాలు నన్ను సూడనియ్యి."

"కాగితాలు సూసేటందుకు ఇదేమన్న పంచాయతీ ఆఫీసా? పల్లీలు గావాల్నా వద్దా?"

ఒక పొట్లం కొన్నాను. విప్పితే పంచాంగం. ఇంకోటి కొన్నాను. విప్పితే ఎరువుల ప్రకటన. ఆ రోజు ఎనిమిది పొట్లాలు తిన్నాను. మర్నాడు తొమ్మిది. వారం రోజులు డ్యూటీ దిగగానే బండి దగ్గర హాజరు. జేబులు పల్లీలు, కడుపు పల్లీలు, ఫ్యాక్టరీలో తోటివాళ్లకు పంచింది పల్లీలు. నేను దూరం నుంచి కనబడితే చాలు, బాలమణి పొట్లాలు కట్టడం మొదలుపెట్టేది. మొదటి రెండు రోజులు నాకు పల్లీల పిచ్చి అనుకుంది, తర్వాత ఉత్త పిచ్చి అని తేల్చుకుంది. ఏడో రోజు ఆమెకే జాలేసింది.

"బిడ్డా, నువ్వు ఎతికే కాగితం ఎవలో పొట్లం తిని బస్సుల పారేసి ఉంటరు. ఇంక తినకు. పిత్తం జేస్తది."

అప్పటికే చేసింది. రెండు రోజులు సెలవు పెట్టి పడుకున్నాను. వరలక్ష్మి గారే పైకి వచ్చి ఉప్పు చారు, మెత్తటి అన్నం పెట్టి వెళ్లారు. ఆవిడ మెట్లు దిగుతుంటే గాజుల చప్పుడు వింటూ పడుకుని, ఒక గొప్ప ఆలోచన చేశాను.

పాత పేరు పోతే ఏం? కొత్తగా అచ్చేయిద్దాం.

ఆవిడ పేరుతో అదే చిట్కా వారపత్రికకు పంపాలి. అచ్చయ్యాక తెచ్చి ఆవిడ ముందు పెట్టాలి. అందాకా నోరు మెదపకూడదు. ఇంతవరకు బాగానే ఉంది. ఇక్కడితో ఆగి ఉంటే ఈ కథ మీరు చదివేవారు కాదు. కార్డు మీద కలం పెట్టగానే నా లోపలి డాక్టరు లేచాడు. 'ఉన్నదున్నట్టు రాస్తే, ఇది పాతదేనని ఎడిటర్ పక్కన పడేయడా? ఏదో కొత్తదనం ఉండాలి కదా?' మా ఫ్యాక్టరీలో రియాక్టర్ నెమ్మదిస్తే డోసు పెంచుతారు. రెండు తొడిమలకే పాలు తోడుకుంటే, అసలు కాయల్లో ఇంకెంత బలం ఉండాలి? అలా లెక్కగట్టి, చేతిరాత గుండ్రంగా దిద్ది, ఇలా రాశాను: 'చలికాలంలో పాలు త్వరగా తోడుకోవాలంటే పది పచ్చిమిరపకాయలను బాగా నలిపి పాలలో వేయండి. పెరుగు గడ్డలా తోడుకుంటుంది. వరలక్ష్మి, పటేల్‌గూడ.'

జీవితంలో అప్పటిదాకా నేను పాలు తోడుపెట్టిన పాపాన పోలేదు.

నెల తిరక్కుండానే అచ్చయింది. బస్టాండు పుస్తకాల కొట్టులో ఆ పేజీ చూసి నేను వేసిన గంతుకు కొట్టతను కట్టలు సర్దుకున్నాడు. రెండు ప్రతులు కొని సంచిలో దాచాను. ఆదివారం తీరిగ్గా ఇద్దామని. ఆ పత్రికను పటేల్‌గూడలో ఇంకెవరైనా కొంటారన్న ఊహ నాకు రాలేదు. పత్రికంటే నాకు అప్పటికి పాత కాగితమే మరి.

శుక్రవారం పొద్దుటి షిఫ్టు దిగి వచ్చేసరికి మా గేటు ముందు పది పన్నెండు మంది ఆడవాళ్లు. ప్రతి ఒక్కరి చేతిలో ఒక గిన్నె. అందరి ముందు ఎదురింటి యాదమ్మ.

"జెర నాలికె మీద పెట్టి సూడక్కా!" అని గిన్నె వరలక్ష్మి గారి మొహం దగ్గర పెడుతోంది. "పొద్దుగాల మా ఆయిన పెరుగన్నం తిన్నడు. తిన్నప్పటి సంది కూసుంటలేడు, నిలవడ్తలేడు. బిందెడు నీళ్లు తాగిండు!"

"మా పిల్లలు మజ్జిగ తాగి ఏడ్సుకుంట ఉరికిన్రు," అంది వెనక నుంచి ఇంకొకావిడ. "పిల్లి గూడ ముట్టలె!"

వరలక్ష్మి గారు తెల్లబోయారు. "మీ పెరుగు కారమైతే నేనేం చేశానమ్మా?"

"నువ్వే గదా రాసింది! ఇగో నీ పేరు, ఇగో మన పటేల్‌గూడ పేరు. ఇంకో వరలక్ష్మి ఈడ ఎవలున్నరు? నువ్వు వంట జేస్తె గల్లంత వాసనొస్తదని, నీ మాట నమ్మి మేమందరం జేసినం. గిదేందక్కా గిట్ల జేసినవ్?"

నేను గేటు పక్క బోగన్‌విల్లా కొమ్మల్లోకి దూరగలిగినంత దూరాను. ఆవిడ కళ్లజోడు తెచ్చుకుని పత్రిక అందుకున్నారు. పెదవులు కదుపుతూ చదివారు. చదివాక తలెత్తి, అంతమంది తలల మీదుగా సూటిగా నా వైపు చూశారు. పేరు పెట్టి పిలిస్తే చాలు, పన్నెండు గిన్నెలూ నా నెత్తినే.

ఆవిడ పత్రిక మడిచారు.

"అవునమ్మా, నేనే రాశాను," అన్నారు. "రెండు తొడిమలు వెయ్యమని రాస్తే, వాళ్లు పది కాయలని వేశారు. అచ్చులో తప్పులు పడవూ?"

"ఓర్నీ! అచ్చు తప్పా?" యాదమ్మ నోరు తెరిచింది. పకపకా నవ్వడం మొదలుపెట్టింది. "మా ఆయిన ఎట్ల దుంకిండో సూడాలె నువ్వు అక్కా, తేలు కుట్టినట్టే!" ఆ నవ్వు ఒకరి నుంచి ఒకరికి అంటుకుని గేటు దాకా వచ్చింది.

"లోపలికి రండమ్మా అందరూ, ఎలా తోడుపెట్టాలో చూపిస్తాను," అన్నారు వరలక్ష్మి గారు.

పన్నెండు మంది ఆ చిన్న వంటింట్లో ఎలా పట్టారో తెలియదు. గంటసేపు లోపలి నుంచి గోదాములో బస్తాలు దొర్లినట్టు నవ్వులు వినిపించాయి. యాదమ్మ మిగిలిన ఆ కారం పెరుగులో ఉప్పు, పోపు వేస్తే మజ్జిగ పులుసుకు పనికొస్తుందని కనిపెట్టింది. ఎవరో వరలక్ష్మి గారు మాట్లాడే తీరును అనుకరించారు, ఆవిడ వాళ్ల మాటను అనుకరించారు. "గట్ల కాదు, గిట్ల!" అని వరలక్ష్మి గారు అనడం, ఇల్లు ఎగిరిపోయేలా అందరూ నవ్వడం నా చెవులారా విన్నాను.

వాళ్లు వెళ్లేవేళకు సుబ్బారావు గారు స్కూటర్ దిగారు. చేతిలో అదే పత్రిక.

"ఏమోయ్, నువ్వు పత్రికలకి రాస్తావా? మా ఫ్యాక్టరీలో అందరూ చూపించి అడుగుతున్నారు. నాకొక్క మాటైనా చెప్పొద్దూ?"

"ఇరవై ఏళ్ల కిందట చెప్పాను. అన్నం పెట్టమన్నారు."

ఆయన కళ్లజోడు పెట్టుకుని, అరుగు మీద కూర్చుని ఆ చిట్కా మొదటి నుంచి చివరి దాకా చదివారు. భార్య పేరు దగ్గర వేలు పెట్టి మళ్లీ చదివారు. తర్వాత లోపలికి వెళ్లి, వంటింట్లో ఎప్పుడూ అడుగుపెట్టని మనిషి, తనే ఇద్దరికీ కంచాలు పెట్టారు.

అప్పుడు బోగన్‌విల్లా లోంచి బయటికొచ్చాను. చేతులు గీరుకుపోయాయి.

"అమ్మా, తప్పయింది. మీ పేరు మళ్లొకపారి అచ్చుల జూపెట్టాలనుకున్న. డోసు నేనే పెంచిన. ముందుగాల మీ కాగితం పారేసిన, ఇప్పుడు మీ ఇజ్జత్ తీసిన. నన్ను గది ఖాళీ జెయ్యమన్నా జేస్త."

ఆవిడ పైటకొంగుతో కళ్లొత్తుకుంటున్నారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. చూస్తే నవ్వు ఆపుకోలేక.

"గది ఖాళీ చేసి ఎక్కడికెళ్తావయ్యా, ఆ మూటలన్నీ మోసుకుని?" అన్నారు. నవ్వు తగ్గాక, పత్రికను ఒళ్లో సవరించుకుంటూ మెల్లిగా అన్నారు: "మొదటిది అచ్చయినప్పుడు దాన్ని చదివిందే నేనొక్కదాన్నే నాయనా. దీన్ని ఊరంతా చదివింది."

ఆ రోజు ఆ వారపత్రిక మీద చెయ్యి వేసి, పటేల్‌గూడ పాడి గేదెలన్నింటి సాక్షిగా ప్రమాణం చేశాను. ఇక ఈ జన్మలో ఎవరి పుస్తకంలోంచీ ఏ కాగితమూ తీసెయ్యను, అది గజ్జి మందు ప్రకటనైనా సరే. ఎవరి వంటకూ నా తెలివి కలపను. బాగానే ఉన్నదాన్ని బాగుచెయ్యను. ఇప్పటిదాకా ఈ ప్రమాణం తప్పలేదని గర్వంగా చెప్పగలను. తప్పే అవకాశమూ రాలేదు. పెళ్లికి ముందే ఈ సంగతి మా ఆవిడ చెవిన ఎవరో వేశారు. మా ఇంట్లో పాలగిన్నె ఉన్న అలమారకు ఈనాటికీ తాళం.